బురద కాలంలో అత్తయ్యగారు

అమెరికాలో ఋతువులు నాలుగని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. మా మసాచుసెట్స్ వాళ్ళని అడిగితే మాత్రం అయిదు చెబుతారు. చలికాలానికీ వసంతానికీ మధ్య దూరే ఆ అయిదోదాని పేరు మడ్ సీజన్. అచ్చంగా బురద కాలం. మార్చిలో మొదలై ఏప్రిల్‌లో చాలా రోజులు ఉంటుంది.

మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులు చూడండి. అక్టోబరులో ఎర్రటి మేపుల్ ఆకుల కింద పట్టుచీరలు, డిసెంబరులో మంచు బొమ్మ పక్కన పిల్లలు, మేలో ట్యులిప్ పూలు. మార్చిలో ఒక్క ఫొటో ఉండదు. ఏముంటుంది పెట్టడానికి? చెట్లన్నీ మోళ్ళు. నేలంతా పోయినేటి కుళ్ళిన ఆకులు. రోడ్డు పక్కన మసి పట్టిన మంచు కుప్పలు. అడుగేస్తే చీలమండ దాకా దిగబడే నేల. "ఇంకో నెల ఆగితే బావుంటుందిలే" అనుకుని అందరం ఇళ్ళల్లోనే ఉంటాం.

ఈ ఏడు మా ఇంట్లో అలా కుదరలేదు. కారణం మా అత్తయ్యగారు.

మామయ్యగారి సంవత్సరీకాలు అయ్యాక నవంబరులో ఆవిడని మా దగ్గరకు తీసుకొచ్చాం. తణుకు దగ్గర పల్లెటూరు. 68 ఏళ్ళు. వచ్చిన నెలకే మంచు మొదలైంది. పొద్దున్నే లేచి కాఫీ తాగి, దీపం పెట్టుకుని, సోఫాలో కిటికీ పక్కన కూర్చునేవారు. కూరలు తరిగి ఇచ్చేవారు. పిలిస్తే పలికేవారు, పెడితే తినేవారు. అంతకుమించి మాటల్లేవు. టీవీలో సీరియల్ పెడితే దాని వైపు చూసేవారు గానీ చూస్తున్నట్టు ఉండేది కాదు. మా పాప స్కూలు నుంచి వచ్చి "మామ్మా, ఇవాళ ఏం చేశావ్?" అని అడిగితే, "ఏముందమ్మా, కూర్చున్నాను" అనేవారు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మొత్తం అదే జవాబు.

మా ఆయన ఆలోచన ఆయనకుంది. పోయినేడే సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి అమ్మకి గ్రీన్‌కార్డుకి పెట్టొచ్చు. ఆరు నెలల విజిట్‌తో వచ్చిన మనిషిని ఇక్కడే ఉంచేసుకోవచ్చు. ఊళ్ళో ఇల్లూ, కౌలుకిచ్చిన ఎకరం ముప్పావూ అమ్మేస్తే ఇక అక్కడ చూసుకోవాల్సిందేమీ ఉండదు. ఫారాలన్నీ ప్రింటు తీసి ఒక ఫైలులో పెట్టారు. డైనింగ్ టేబుల్ మీద ఓ మూల ఆ ఫైలు ఫిబ్రవరి నుంచీ ఉంది. ఆవిడ దాని పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు. దాని గురించి ఒక్క మాట అనలేదు.

ఆయన్ని తప్పుపట్టలేను. మామయ్యగారు పోయినప్పుడు బోస్టన్ నుంచి మా ఆయన ఊరు చేరేసరికి రెండు రోజులు దాటింది. నాన్నని చివరిసారి ఫ్రీజర్ బాక్సు అద్దంలోంచే చూసుకున్నారు. అమ్మ విషయంలో కూడా అలా జరక్కూడదన్నదే ఆయన భయం. ఆ ఫైలు నిండా ఉన్నది ఆ భయమే.

మార్చి మూడో వారంలో ఒక పొద్దున్న, నేను దోసెలు పోస్తుంటే కిటికీ దగ్గర్నుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఇలా రా. మీ పెరడు దమ్ము చేసిన చేనులా ఉంది."

స్టవ్ కట్టేసి వెళ్ళాను. నాలుగు నెలల తరవాత పెరట్లో నేల కనిపిస్తోంది. మంచు కరిగి నీళ్ళు ఇంకకుండా నల్లగా, మెత్తగా, మెరుస్తూ నిలబడ్డాయి. ఎందుకు ఇంకట్లేదని అడిగారావిడ. నాకు తెలిసినంత చెప్పాను. చలికాలంలో ఇక్కడ నేల అడుగుల లోతున గడ్డకట్టుకుపోతుంది. ఎండ వచ్చాక కరగడం పైనుంచి మొదలవుతుంది. పైన నాలుగంగుళాలు కరిగినా కింద ఇంకా రాయిలాగే ఉంటుంది. నీళ్ళు కిందికి దిగే దారి లేక పైనే నిలిచి బురదవుతుంది.

"మరదే. దమ్ములో మనం చేసేదీ అదేగా" అన్నారు. "తొక్కీ దున్నీ అడుగున గట్టి పొర కట్టేలా చేస్తాం. అప్పుడే మడిలో నీళ్ళు నిలుస్తాయి. మనం ఎడ్లతో, ట్రాక్టరుతో చేస్తాం. ఇక్కడ చలి చేస్తోంది."

వచ్చాక ఆవిడ నాతో మాట్లాడిన అతి పొడుగు మాట అదే. దోసె మాడిందా లేదా అని కూడా చూడలేదు నేను. "మన ఇంటికి దగ్గర్లో అడవి ఉంది, అక్కడ ఇంతకంటే ఎక్కువ బురద ఉంటుంది, వెళ్దామా?" అన్నాను. వెంటనే లేచారు.

మేముండేది బోస్టన్‌కి పడమట ఆక్టన్‌లో. ఇక్కడ ఊరి మధ్యలోనే ఊరివాళ్ళ కోసం కాపాడిన అడవులు చాలా ఉన్నాయి. మాకు దగ్గర్లోది నషోబా వాగు పక్కన. నషోబా అన్న పేరు ఈ నేలలో మొదట్నుంచీ ఉన్న ఆదివాసులది. ఇంటి నుంచి కారులో అయిదు నిమిషాలు. ఇన్నేళ్ళలో మేం అక్కడికి వెళ్ళింది ఎక్కువగా ఆకులు రంగు మారేటప్పుడే.

ఆవిడ అవతారం మీరు చూడాలి. కింద థర్మల్ ప్యాంటు, దాని మీద నేత చీర, చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, పైన నా పాత జాకెట్టు, తలకి ఉన్ని టోపీ, కాళ్ళకి మా ఆయన రబ్బరు బూట్లు. ఆ బూట్ల దగ్గర మాత్రం కాసేపు వాదన జరిగింది. "బురదలోకి చెప్పులేసుకుని దిగేవాళ్ళని ఎక్కడైనా చూశావా?" అన్నారు. అడుగున ఐసు ఉందని చెప్పి, ఒక వేలు పెట్టి చూడమన్నాను. పెట్టి, మాట్లాడకుండా బూట్లు తొడుక్కున్నారు.

దారిలోకి దిగిన పది నిమిషాలకి మా పాప బూటు బురదలో ఇరుక్కుపోయి, సాక్సుతో కాలు ఒక్కటే బయటికొచ్చింది. నేను లాగుతుంటే నాదీ దిగబడుతోంది. అత్తయ్యగారు తాపీగా వచ్చి పాప భుజం పట్టుకున్నారు.

"అలా పైకి గుంజకూడదమ్మా. గుంజితే బురద ఇంకా పట్టేస్తుంది. ముందు మడమ లేపు. కాస్త అటూ ఇటూ కదుపు, గాలి వెళ్తుంది. ఆఁ, ఇప్పుడు వేళ్ళు తియ్యి. చిన్న అడుగులు వెయ్యి. ఆగి నిలబడకు."

పాప చెప్పినట్టే చేసింది. కాలు వచ్చేసింది. ఆ తరవాత ఆవిడ ముందు, మేం వెనక. పెళ్ళయి వచ్చిన ఏడాదే ఊడుపుల్లోకి దిగిన మనిషి. ముప్పై ఏళ్ళకు పైగా ఏటా సార్వాకీ దాళ్వాకీ వంగి నాట్లు వేసిన కాళ్ళు. ఇంట్లో కార్పెట్టు మీద గోడ పట్టుకుని నడిచే ఆవిడ ఆ బురదలో ఎక్కడా తూలలేదు.

ఇక్కడ దారుల్లో ఒక నియమం ఉంది. బురద అడ్డమొస్తే పక్కనుంచి తిరిగి వెళ్ళకూడదు, మధ్యలోంచే నడవాలి. అందరూ పక్కకి తప్పుకుంటూ పోతే దారి వెడల్పయిపోయి, పక్కన అప్పుడే మొలుస్తున్న మొక్కలు చచ్చిపోతాయి. మొదట్లో ఉన్న బోర్డు మీద రాసిన ఈ సంగతి ఆవిడకి చెప్పాను. "గట్టు తొక్కితే గట్టు పోతుంది, మడిలోంచి నడవమని మా మావగారు కూడా అరిచేవారు" అన్నారు. ఆ బోర్డు రాసినవాళ్ళూ ఆవిడ మావగారూ ఒక పక్షమే అయ్యారు.

వాగు దగ్గర పల్లపు నేలలో, అడవంతా ఎండు రంగులో ఉన్నచోట, బురదలోంచి ఎర్రటి ఊదారంగు డొప్పలు పొడుచుకొచ్చి కనిపించాయి. అరచేయంత ఉంటాయి, మీద పచ్చటి చారలు. స్కంక్ కాబేజీ అంటారు. ఆవిడ వంగి వాసన చూసి మొహం చిట్లించారు.

"ఛీ. కందపువ్వే ఇది!"

నవ్వి, ఫోనులో వెతికాను. ఆవిడ చెప్పింది నిజమే. మన కంద, చేమ, ఈ స్కంక్ కాబేజీ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. కందపువ్వులాగే ఇదీ కుళ్ళిన మాంసం వాసన వేసి ఈగల్ని పిలుస్తుంది. కందలో దురద పుట్టించే పదార్థమే దీన్లోనూ ఉంది. ఇంకో వింత, ఈ పువ్వు తనలో తనే వేడి పుట్టించుకుంటుంది. చుట్టూ మంచు ఉంటే దాన్ని కరిగించుకుని పైకి వస్తుంది. నీడలో ఇంకా మంచు మిగిలిన చోట చూశాం కూడా. పువ్వు చుట్టూ గుండ్రంగా గిన్నెలాగా మంచు కరిగిపోయి ఉంది. పాప అందులో వేలు పెట్టి చూసింది. అత్తయ్యగారు మాత్రం "కందయితే పులుసు పెట్టొచ్చేమో" అని చూస్తున్నారు. వద్దని వెనక్కి లాక్కొచ్చాను. ఇది తినేది కాదు, మీరు కూడా ప్రయత్నించకండి.

ఆ రోజు నుంచి వారానికి మూడు నాలుగు సార్లు వెళ్ళాం. పాప స్కూల్లో ఉన్నప్పుడు మేమిద్దరమే.

పొద్దున్న పూట మేపుల్ చెట్లకి తగిలించిన బకెట్లు కొందరి పెరళ్ళలో దారిలోనే కనిపించేవి. రాత్రి గడ్డకట్టేంత చలి, పగలు కరిగేంత ఎండ ఉన్న ఈ కొద్ది వారాల్లోనే మేపుల్ చెట్టు రసం బాగా కారుతుంది. చెట్టు చిగుర్లు వేస్తే రుచి పోతుంది. 40 గ్యాలన్ల రసం కాస్తే ఒక గ్యాలన్ పాకం వస్తుంది. మన తాటిచెట్టుకి కుండ కట్టి, నీరా కాచి బెల్లం తీసే లెక్కే. తాటిబెల్లం సంగతులు ఆ రోజంతా చెప్పారు. మామయ్యగారి పేరు మొదటిసారి ఆవిడ నోట నవ్వుతో వచ్చింది. ఆయన పెళ్ళయిన కొత్తలో నీరా తాగుదామని ఈవిడని తోపులోకి తీసుకెళ్ళి, కల్లు తాగించేశారట.

అసలు సంగతి జరిగింది ఏప్రిల్ మొదటి వారంలో.

ఈ అడవుల్లో ఎక్కడ చూసినా మోకాలెత్తు, నడుమెత్తు రాతి గోడలుంటాయి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చినవి. ఎక్కడో మొదలై చెట్ల మధ్యలోంచి తిన్నగా పోయి ఎక్కడో ఆగిపోతాయి. ఎండాకాలం ఆకుల్లో అవి కనపడవు, చలికాలం మంచులో మునిగిపోతాయి. మంచు పోయి ఆకు రాని ఈ బురద రోజుల్లోనే మొత్తం అడవి ఎముకల్లా బయటపడతాయి.

అత్తయ్యగారు ఒక గోడ మీద కూర్చున్నారు. చాలాసేపు అటూ ఇటూ చూశారు. వేలితో గాలిలో గీతలు గీస్తున్నట్టు చూపించారు.

"ఇది అడవి కాదమ్మాయ్. పొలం."

"పొలమా?"

"ఇవి గట్లు కావూ? చూడు, ఇటు నుంచి అటు ఒక చెక్క. అది ఇంకో చెక్క. అదిగో ఆ రెండు గోడల మధ్య సందుందే, అది పశువుల దారి. వాగు వైపుకి దించారు, నీళ్ళకి. ఎవరో చేసుకున్న పొలమే ఇది. వదిలేశారు."

ఆవిడకి ఈ దేశం చరిత్ర ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఈ చుట్టుపక్కల అడవి దాదాపుగా అంతా ఒకప్పుడు పొలాలూ పశువుల బీళ్ళే. రెండు వందల ఏళ్ళ కిందట ఇక్కడ చెట్లు కొట్టి సాగుచేశారు. ఈ నేలతో ఒక చిక్కుంది. ప్రతి చలికాలం నేల గడ్డకట్టి పొంగుతూ లోపలి రాళ్ళని కొంచెం కొంచెం పైకి తోస్తుంది. వసంతంలో దున్నబోతే కొత్త రాళ్ళు. రైతులు ఏటా వాటిని ఏరి పొలం అంచున పేర్చారు. న్యూ ఇంగ్లండ్ అంతటా కలిపి అలాంటి గోడలు రెండు లక్షల మైళ్ళకు పైనే ఉండేవని అంచనా. తరవాత 1825లో ఈరీ కాలువ తెరిచారు. పడమట రాళ్ళులేని నల్లమట్టి నేలల నుంచి ధాన్యం చవగ్గా రావడం మొదలైంది. చాలామంది రైతులు ఆ నేలలకే తరలిపోయారు. ఇంకొందరు పట్నాలకి. మాకు అరగంట దూరంలో ఉన్న లోవెల్ బట్టల మిల్లుల్లో పనికి వెళ్ళింది ఎక్కువగా ఇలాంటి పొలాలున్న ఇళ్ళ ఆడపిల్లలే. దున్నేవాళ్ళు లేని నేలలో మొదట పైన్ చెట్లు మొలిచాయి, వాటి వెనక మిగతావి. ఇప్పుడు మసాచుసెట్స్‌లో సగానికి పైగా అడవే.

ఇదంతా నేను చెబుతుంటే విన్నారు. లేచి గోడ వెంట నడుస్తూ వెళ్ళారు. వెనకే వెళ్ళాను. గోడ చివర చిన్న గొయ్యి. నాలుగువైపులా రాళ్ళు కట్టి ఉంది. లోపల రెండు చెట్లు పెరిగిపోయాయి. ఒకప్పటి ఇంటి నేలమాళిగ అది. పైన ఉన్న కొయ్య ఇల్లు ఎప్పుడో పోయింది, పునాది మిగిలింది. ఆవిడ గొయ్యి చుట్టూ తిరిగారు. పొయ్యి గూటి రాళ్ళ కుప్ప చూసి "వంటిల్లు ఇటు" అన్నారు. ఒక పక్క ఎవరో పెద్ద బండరాయి చదునుగా వేసి ఉంటే, "వీధి గుమ్మం ఇది" అన్నారు. ఆ రాయి పక్కనే గుబురుగా ఒక పొద. లావు మొగ్గలు పచ్చగా విచ్చుకోబోతున్నాయి. లైలాక్. అడవిలో దానంతటది రాదది. ఇలాంటి పాత ఇళ్ళ గుమ్మాల పక్కనే ఉంటుంది. ఆ ఇంటి ఇల్లాలు వాసన కోసం నాటుకుని ఉంటుంది. ఇల్లు పోయింది, పొలం పోయింది, పొద ఇంకా ఏటా పూస్తోంది.

అత్తయ్యగారి వీధి గుమ్మం పక్కన నందివర్ధనం చెట్టుంది. రోజూ పూజకి పూలు దానివే.

ఆవిడ ఆ కొమ్మ పట్టుకుని నిలబడ్డారు. కాసేపయ్యాక అన్నారు.

"పోదామని వాళ్ళు అనుకున్నప్పుడు ఈవిడని అడిగారో లేదో."

ఏం చెప్పాలో తెలియలేదు. ఇద్దరం మాట్లాడకుండా కారు దాకా నడిచాం.

ఆ శనివారం రాత్రి వాన పడింది. చలి తగ్గాక వచ్చే మొదటి వానకి ఇక్కడి అడవిలో పెద్ద ఊరేగింపు జరుగుతుంది. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలుండే సాలమాండర్లు, అంటే బల్లి ఆకారంలో ఉండే, కప్పల్లాంటి ఉభయచర జీవాలు, భూమిలోంచి బయటికొచ్చి గుడ్లు పెట్టడానికి నీటి గుంటలకి బయల్దేరతాయి. ఈ గుంటలు మంచు నీళ్ళతో నిండి ఎండాకాలానికి ఎండిపోయేవి. చేపలు బతకవు కాబట్టి గుడ్లకి భయం లేదు. మధ్యలో రోడ్లు అడ్డం వస్తే కార్ల కింద పడతాయని జనం రాత్రిళ్ళు టార్చిలైట్లతో నిలబడి దాటిస్తారు. ఆమ్‌హర్స్ట్ ఊళ్ళో అయితే 1987లో వీటికోసమే రోడ్డు కింద చిన్న సొరంగాలు కట్టారు.

ఆదివారం పొద్దున్న నలుగురం వెళ్ళాం. మా ఆయన కూడా వచ్చారు. గుంట దగ్గరకి చేరకముందే బాతులు అరుస్తున్నట్టు గోల. బాతులు కాదు, వుడ్ ఫ్రాగ్‌లు. గోధుమరంగు చిన్న కప్పలు. ఇవి చలికాలమంతా ఎండాకుల కింద గడ్డకట్టుకుపోయి ఉంటాయి. గుండె కొట్టుకోదు, ఊపిరి ఉండదు. ఒంట్లో నీళ్ళు సగానికి పైన ఐసవుతాయి. ఎండ తగలగానే కరిగి, లేచి, నేరుగా ఇక్కడికొస్తాయి. పాప స్కూల్లో చదువుకున్నదంతా మామ్మకి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మామ్మ బదులుగా వానలు పడకపోతే ఊళ్ళో రోకలికి కప్పని కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించుకునే కప్పతల్లి ఆట గురించి చెప్పారు. "పాపం కప్పకి ఏమీ కాదా?" అంది పాప. "తరవాత చెరువులో వదిలేస్తాం. దాని చెరువులో దాన్ని" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆ పునాది దగ్గర ఆగి, కొడుకుని పిలిచి, గట్లూ పశువుల దారీ గుమ్మం రాయీ అన్నీ చూపించారు. ఆయన రాయి మీద కూర్చుని బూటుకి పట్టిన బురద పుల్లతో గీకుతూ విన్నారు. అప్పుడు చెప్పారావిడ, గొంతు పెంచకుండా.

"నాన్నా, ఆ కాయితాలు పెట్టకు. నేను మేలో వెళ్తాను. సార్వాకి ఆకుమడి పోసే టైముకి ఊళ్ళో ఉండాలి."

"ఒక్కదానివి అక్కడ ఏం చేస్తావమ్మా?"

"ఇక్కడ ఏం చేస్తున్నాను?"

ఆయన దగ్గర దానికి జవాబు లేదు. భయం ఒకటే ఉంది. అది బయటికొచ్చింది. రాత్రి పడిపోతే? బీపీ పెరిగితే? మళ్ళీ ఆ విమానం, ఆ అద్దం పెట్టె? పాప ముందు ఆయన గొంతు అలా వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యేశారు.

"నాన్నగారు పోయింది ఇంట్లో, ఆయన మంచం మీద, నా పక్కన. నువ్వు లేవు, అది నీకు బాధ. ఆయనకి ఏ లోటూ జరగలేదురా."

ఇలాంటి చోట కోడలు ఏం మాట్లాడాలి? అత్తగారి వైపు మాట్లాడితే పంపించేస్తోంది అంటారు. మొగుడి వైపు మాట్లాడితే కట్టేస్తోంది అంటారు. మనకందరికీ తెలిసిన ఇరుకే. నేను ఆ రోజు ఒక్కటే అన్నాను, "అత్తయ్యగారు ఏం కావాలో చెప్పారు. ఇక ఎలా కుదురుతుందో చూద్దాం" అని. ఎవరి వైపన్న వాదన అక్కడితో ఆగి, ఏర్పాట్ల మాట మొదలైంది.

అవన్నీ రెండు వారాల్లో తేలాయి. బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీలు వేయిస్తున్నాం. రాత్రిళ్ళు తోడు పడుకోవడానికి వెనకింటి పిన్నిగారు ఒప్పుకున్నారు, ఆవిడదీ ఒంటరి ఇల్లే. పొద్దున్నే అక్కడి ఆరింటికి ఆవిడ మాకు ఫోను చెయ్యాలి, చెయ్యకపోతే కౌలు రైతు వెళ్ళి తలుపు కొట్టాలి. సంక్రాంతికి మా ఆయన వెళ్తారు. పొలం అమ్మకం మాట ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎత్తకూడదు. ఫైలు చింపలేదు. సొరుగులోకి వెళ్ళింది. ఆయన భయం పోలేదు, రాత్రిళ్ళు ఫోనులో తణుకు ఆసుపత్రుల దూరాలు చూస్తూనే ఉన్నారు. ఆ భయంతోనే టికెట్టు కూడా బుక్ చేశారు.

మీ ఇంట్లోనూ చలికాలమంతా సోఫాలో కూర్చుండిపోయిన పెద్దవాళ్ళుంటే, ట్యులిప్ పూల దాకా ఆగకండి. కొన్ని జాగ్రత్తలు చెబుతాను. బూట్లు పిక్కల దాకా ఉండాలి, ఒక సైజు పెద్దవి తీసుకుని లోపల ఉన్ని సాక్సులు తొడగండి. చేతికి ఒక కర్ర ఇవ్వండి. రాళ్ళున్న చోటా, చెక్క వంతెనల మీదా నీడలో ఐసు మిగిలుంటుంది, అక్కడ చెయ్యి పట్టుకోండి. ఇంకొకటి, టిక్ పురుగులు. గడ్డకట్టే చలి తగ్గగానే అవి తయారవుతాయి. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. ప్యాంటు అంచు సాక్సులోకి దోపి, ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదళ్ళలో చూసుకోండి. మా ఇంట్లో ఆ పని అత్తయ్యగారిదే. పాప తలలో పేలు చూసినంత శ్రద్ధగా చూస్తారు.

నిన్న కూడా వెళ్ళాం. కింద పొదలకి చిగుర్లు వచ్చేశాయి. స్కంక్ కాబేజీ డొప్పలు వాడిపోయి ఇంతింత ఆకులు వేసింది. నేల గట్టిపడుతోంది, ఇంకో వారానికి బూట్లు అక్కర్లేదు. వాగు అవతలి గట్లు కొన్ని అప్పుడే ఆకుల్లో కలిసిపోయాయి. పునాది పక్కన లైలాక్ మొగ్గలు ఊదారంగు తిరిగాయి గానీ ఇంకా విచ్చుకోలేదు. అవి పూసేలోపే ఆవిడ విమానం. "పూశాక ఫొటో పెట్టు" అన్నారు.

మళ్ళీ ఎప్పుడొస్తారని పాప అడిగితే కాసేపు ఆలోచించి చెప్పారు.

"వస్తానమ్మా. మంచు పడేటప్పుడు మాత్రం పిలవకండి. బురదప్పుడు పిలవండి."